మా మామ్మ గోడ లెక్కలు

మా మామ్మ ప్రభవ నామ సంవత్సరంలో పుట్టింది. తేదీ ఆమెకే తెలియదు; ఊళ్ళో వరినాట్లు పడుతున్న రోజులని మాత్రం వాళ్ళ అమ్మ చెప్పేదట. ఇంగ్లీషు లెక్కలో అది 1927. వికారి నామ సంవత్సరంలో, అంటే 2019లో, తొంభై రెండేళ్ళ వయసులో కన్నుమూసింది. తెలుగు సంవత్సరాలు అరవయ్యింటినీ ఒక చుట్టు పూర్తిగా చూసి, రెండో చుట్టులో సగం దాటిన మనిషి కనుక కాలాన్ని ఎప్పుడూ అంకెలతో చెప్పేది కాదు. నందనలో మీ తాత పోయాడు, దుర్ముఖిలో భూమి మన చేతికి వచ్చింది, ధాతలో తోట పడిపోయింది అని పేర్లతోనే చెప్పేది. మా నాన్న వెంటనే వేళ్ళు ముడిచి లెక్క కట్టి, 1952, 1956, 1996 అని మాకు తర్జుమా చేసి పెట్టేవాడు. ఇద్దరి మధ్య ఎన్నడూ ఒక్క ఏడాది కూడా తేడా రాలేదు.

మాది కోనసీమలో, గౌతమికీ వైనతేయకూ నడుమనున్న ఒక చిన్న ఊరు. మామ్మ పుట్టిల్లు గోదావరికి అవతల, రామచంద్రపురం వైపు. పదమూడో ఏట పెళ్ళయి, కోటిపల్లి రేవులో పడవెక్కి ముక్తేశ్వరంలో దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద అత్తవారింటికి వచ్చింది. ఆ తరువాత పుట్టింటికి వెళ్ళిన సందర్భాలు తక్కువ. రేవు దాటడమంటే పడవ కోసం, గాలి కోసం, నీటి వాలు కోసం ఎదురుచూడవలసిన రోజులవి. అందువల్ల తన మనుషులు ఏటికి అవతలే ఉండిపోయారన్న స్పృహ ఆమెకు మొదటి నుంచీ ఉండేదనీ, ఎవరి మీదా ఆధారపడకూడదన్న పట్టుదల అక్కడే మొదలయిందనీ మా పెద్దత్త అంటుంది. నేను దానికి పూర్తిగా ఒప్పుకోను. ఆ పట్టుదల రేవు దగ్గర కాదు, తాతయ్య పోయిన ఏడాదే పుట్టిందని నా నమ్మకం.

తాతయ్య సన్నిపాత జ్వరంతో పోయేనాటికి మామ్మకు పాతికేళ్ళు. పెద్దత్తకు ఏడేళ్ళు, నాన్నకు నాలుగేళ్ళు, చిన్నత్త చంటిబిడ్డ. ఉమ్మడి కుటుంబం కాబట్టి బావగారూ మరిదీ పెద్దమనుషులను కూర్చోబెట్టి, భూమి కలిసే ఉంటుందనీ, ఆమెనూ పిల్లలనూ తామే చూసుకుంటామనీ మర్యాదగానే చెప్పారట. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అయినా మామ్మ తలుపు వెనక నుంచే, తన వాటా తనకు విడిగా చూపించమని అడిగింది. ఇంటి కోడలు అలా అడగడం ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. చివరకు మూడెకరాల పల్లం, ఎకరంన్నర కొబ్బరి తోట విడదీసి ఇచ్చారు. అయితే అప్పటి చట్టం ప్రకారం భర్త ఆస్తిలో వితంతువుకు వచ్చేది బ్రతికినంతకాలం అనుభవించే హక్కు మాత్రమే. దాన్ని తన ఇష్టప్రకారం ఎవరికైనా రాసి ఇచ్చే హక్కు ఉండేది కాదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక, స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి ఆమే పూర్తి యజమానురాలయింది. భూమి మన చేతికి వచ్చింది దుర్ముఖిలో అని ఆమె అనడానికి కారణం ఇదే. ఈ సంగతి అమలాపురంలో ఒక ప్లీడరు గుమస్తా చెప్పగా విని, నమ్మకం కుదరక, మరో ఇద్దరిని అడిగి ఖాయపరచుకున్నదట.

ఈ రెండు సంవత్సరాల నడుమ 1953 వరద ఉంది. ఆగస్టులో గోదావరి పొంగి, నాటిన చేలన్నీ మునిగిపోయాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందని అక్టోబరులో అందరూ సంబరం చేసుకుంటున్న వేళ మామ్మ కాసులపేరు అమ్మి విత్తనాలూ, ఒక పాడిగేదెనూ కొన్నది. ఆ కాసులపేరు మళ్ళీ చేయించుకోలేదు. తరువాతి కాలంలో అందుకు డబ్బు లేక కాదు. ఒకసారి అమ్మిన వస్తువు మీద మళ్ళీ ఆశ పెట్టుకోవడం ఆమెకు నచ్చేది కాదు.

చిన్నప్పుడు రెండో తరగతి దాకా చదువుకుని, తరువాత అక్షరాలు మరచిపోయిన మనిషి మామ్మ. కాబట్టి వ్యవసాయం లెక్కలన్నీ పెరటి వసారాలో గోడ మీద ఉండేవి. బొగ్గుతో నాలుగు నిలువు గీతలు గీసి, అయిదోది వాటి మీద అడ్డంగా కొట్టేది. ఎవరి గీతలు ఎవరివో తెలియడానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు పెట్టింది. పాలేరుకు కొడవలి, కొబ్బరి దింపు తీసేవాడికి చెట్టు, వారానికోసారి చేపలు తెచ్చే ఆమెకు చేప, బట్టలు ఉతికే ఆయనకు గళ్ళు. పాలు పోయించుకునే ఇళ్ళకు ఆ ఇళ్ళ ముందున్న గుర్తులే: ఒక ఇంటికి రెండు అరుగులు, ఇంకో ఇంటికి నుయ్యి. ఆ గోడ మీద వేలు పెట్టే ధైర్యం మా పిల్లల్లో ఎవరికీ ఉండేది కాదు. చిన్నప్పుడు నేను మా పాలేరు అసలు పేరు తెలుసుకోకముందే గోడ మీద అతని కొడవలి గుర్తు పట్టేవాణ్ణి.

గోడ లెక్కకు గడువు సంక్రాంతి. భోగికి ముందు ఇల్లంతా వెల్ల వేయించడం మా వైపు ఆనవాయితీ కనుక, సున్నం తడపడానికి ముందే ఇవ్వవలసినవన్నీ ఇచ్చి, రావలసినవన్నీ రాబట్టుకోవాలి. ఆ వారం రోజులూ ఇంటి ముందు మనుషులు వస్తూ పోతూ ఉండేవారు. ధాన్యం కావలసినవారికి ధాన్యం, డబ్బు కావలసినవారికి డబ్బు. వెల్ల వేసే రోజుకు కొన్ని గీతలు తీరకుండానే మిగిలిపోయేవి. పంట పోయినవారివి, ఇంట్లో మనిషి మంచాన పడ్డవారివి. వాటి మీదా సున్నమే పడేది. బాకీ మాఫీ చేశానని మామ్మ వాళ్ళతో అన్నట్టు నేను వినలేదు. కొత్త గోడ మీద పాత గీత దిద్దడం మాత్రం ఎన్నడూ చూడలేదు.

ధాన్యం కొలత వచ్చేసరికి ఆమె వేరే మనిషి అయిపోయేది. అంచుకు ఇత్తడి కట్టు వేసిన ఇనుప కుంచం ఒకటి గాదె గదిలో ఉండేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం అని మాకు ఎక్కాలకంటే ముందు ఈ లెక్క నేర్పింది. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అని, తరువాత రెండు, మూడు అని పెద్దగా అంటూ పోసేది. కూలి గింజలు కొలిస్తే కుంచం మీద గింజ నిలవనంత వరకు రాశి పోయవలసిందే. ఇంట్లోకి తీసే బియ్యానికి మాత్రం అంచుకు సమంగా అరచేత్తో తోసి తీసేది. ఈ తేడా ఎందుకని చిన్నత్త అడిగితే, ఇంట్లో తక్కువైతే మళ్ళీ గాదెలోంచి తీసుకోవచ్చు, వాళ్ళకు తక్కువైతే మళ్ళీ ఇంత దూరం రావాలి కదా అని చెప్పిందట.

1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చినప్పటి సంగతి పెద్దత్త ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. రూపాయికి పదహారు అణాలు పోయి వంద పైసలు వచ్చాయి కాబట్టి, ఒక అణాకు ఆరుంపావు పైసలు. పావు పైసా అనే నాణెం లేదు. బజారులో అణాకు ఆరు ఇచ్చి సరిపెట్టేవాళ్ళు. మామ్మ ఆ పావు ఎక్కడికి పోతుందని చాలా రోజులు బాధపడి, చివరకు అణా అంటే ఏడు పైసలని తన సొంత చట్టం చేసుకున్నది. ఇచ్చేటప్పుడూ ఏడే, పుచ్చుకునేటప్పుడూ ఏడే. పాలు పోయించుకునేవాళ్ళు మొదట గొణిగినా, ఆమె కూలికి కూడా ఏడే ఇస్తున్నదని తెలిశాక ఊరుకున్నారు.

ఇంత న్యాయం తెలిసిన మనిషి కూడా నాట్లు వేసే ఆడవాళ్ళకు మగవాళ్ళకన్నా తక్కువ కూలే ఇచ్చేది. ఊళ్ళో అందరూ ఇచ్చేదే నేనూ ఇస్తున్నాను అనేది. తన వాటా కోసం పెద్దమనుషుల ముందు నిలబడిన మనిషికి, నడుం వంచి నాటు వేస్తున్న మరో ఆడదాని కూలి ఎందుకు తక్కువో తోచకపోవడం నాకు ఈనాటికీ అర్థం కాదు. మా అమ్మ విషయంలోనూ అంతే. అమ్మ కాపురానికి వచ్చాక ఇరవై ఏళ్ళకు పైగా గాదె గది తాళం మామ్మ నడుముకే ఉండేది. పొద్దున్నే ఎంత బియ్యం, ఎంత కందిపప్పు, ఎంత నూనె అని అమ్మ వెళ్ళి అడగాలి. చుట్టాలు వస్తే ఇంకోసారి అడగాలి. అమ్మకు అది చిన్నతనంగా ఉండేదని అందరికీ తెలుసు, మామ్మకు కూడా తెలుసు. పనసపొట్టు ఆవ పెట్టి వండడంలో అమ్మది పై చెయ్యి అని ఊరంతా చెప్పినా, మామ్మ తిని చెయ్యి కడుక్కుని, ఉప్పు సరిపోయింది అని మాత్రమే అనేది.

1986 ఆగస్టులో వచ్చిన వరద నాకు బాగా జ్ఞాపకం. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిందని ఆ తరువాత చదివాను. అప్పుడు నాకు తెలిసినదల్లా మా ఇంటి వీధి అరుగు కనబడకుండా పోవడం. పశువులతో సహా ఏటిగట్టు మీదకు చేరాము. పెద్దవాళ్ళు తాటాకులతో, గోనెసంచులతో నీడ కట్టారు. నీరు తీసి ఇంటికి తిరిగి వచ్చేసరికి గోడలకు రొమ్ము ఎత్తున బురద మరక. పెరటి వసారాలో ఆ ఏటి గీతలన్నీ కడుక్కుపోయాయి. నాన్న తల పట్టుకున్నాడు. మామ్మ పాలేరును పంపి అందరినీ పిలిపించి, వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో నోటితోనే చెప్పింది. రెండుచోట్ల మాత్రం వాళ్ళ మాటకూ ఆమె మాటకూ తేడా వచ్చింది. అక్కడ వాళ్ళు చెప్పినదే ఖాయం చేసింది. "గోడ నాది, నీళ్ళు గోదారివి, మధ్యన నీ తప్పేముందిరా" అన్నది.

మరుసటి ఉగాదికి రెండో ప్రభవ వచ్చింది. మామ్మకు అరవై నిండుతున్నాయి కనుక ఏదైనా చేద్దామని నాన్నకు మనసయింది. షష్టిపూర్తి జంటగా చేసుకోవలసిన వేడుక అని ఆమె ఒప్పుకోలేదు. ఒక సత్యనారాయణ వ్రతమైనా చేయిద్దామంటే, ఆ ఖర్చు తనకు ఇవ్వమని అడిగింది. ఆ డబ్బుతో అమలాపురం వెళ్ళి స్టాంపు కాగితాలు కొని, కొబ్బరి తోటలో అర్ధ ఎకరం పెద్దత్తకు, అర్ధ ఎకరం చిన్నత్తకు దఖలు దస్తావేజులు రాయించి రిజిస్టరు చేయించింది. ఆడపిల్లలకు కూడా ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రంలో అప్పుడే కొత్తగా చట్టం వచ్చింది. 1985 సెప్టెంబరుకు ముందే పెళ్ళయినవారికి మాత్రం అప్పట్లో ఆ హక్కు వర్తించేది కాదు. అత్తలిద్దరికీ అప్పటికే పెళ్ళిళ్ళయి, పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. రేడియోలో ఆ వార్త విన్నప్పుడు అందరూ తమకు సంబంధం లేని విషయంగానే విన్నారు. మామ్మ ఒక్కతే, పెళ్ళయితే కూతురు కాకుండా పోతుందా అని అడిగింది.

పసుపు కుంకుమ కింద పెళ్ళిలోనే ఇచ్చాము కదా అని నాన్న ఒకటి రెండుసార్లు అన్న మాట నిజమే. ఆయనకూ అప్పుడు అప్పులున్నాయి, మేము చదువుకుంటున్నాము. కొన్నాళ్ళు ఇంట్లో మాటలు తక్కువయ్యాయి. మామ్మ అతన్ని బ్రతిమాలలేదు, మందలించనూ లేదు. పల్లం మూడెకరాలూ, తోటలో మిగిలిన అర్ధ ఎకరమూ నాన్న పేర రాయించిన కాగితాలు కూడా అదే రోజున తెచ్చి, దేవుడి గూట్లో పెట్టి, భోజనానికి పిలిచింది. తన పేర ఒక్క సెంటు కూడా ఉంచుకోలేదు. తరువాతి ముప్పై ఏళ్ళలో మా ఇంట్లో ఎవరూ ఆమెతో గొంతు పెంచి మాట్లాడలేదు కనుక సరిపోయింది గాని, అదొక్కటి మాత్రం తెలివైన పని కాదని నేను ఈనాటికీ అనుకుంటాను.

1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి అంటుకుని, మార్చి మధ్య దాకా రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్ళు మా ఊరి నుంచి కూడా ఆ దిక్కున ఆకాశం ఎర్రగా కనిపించేది. ఊరంతా భయపడుతుంటే మామ్మ మాత్రం, మన కాళ్ళ కింద ఇంత చమురుండగా కిరసనాయిలు కోసం రేషను షాపు ముందు నిలబడ్డామా అని ఆశ్చర్యపోయింది.

అంతకంటే పెద్ద దెబ్బ మరుసటి ఏడాది తగిలింది. 1996 నవంబరు 6 రాత్రి, దీపావళికి నాలుగు రోజుల ముందు, తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. తెల్లవారేసరికి తోటలో పది చెట్లకు ఎనిమిది నేల మీద ఉన్నాయి. కొన్ని వేళ్ళతో లేచాయి, కొన్ని నడిమికి విరిగాయి. నాన్న, అత్తలు ఎవరి అర్ధ ఎకరంలో వాళ్ళు నిలబడి ఏడ్చారు. మామ్మ గట్టు మీద కూర్చుని, పడిన చెట్లన్నీ లెక్కపెట్టించి, ముగ్గురివీ కలిపి ఒకే బేరం పెట్టమన్నది. విడివిడిగా అమ్మిన ఊరివాళ్ళకు ఇటుక బట్టీల వాళ్ళు అడిగినంతకే ఇవ్వవలసి వచ్చింది. మాకు కాస్త మెరుగైన ధర పలికింది. తరువాత అంబాజీపేట నుంచి తూర్పు కోస్తా పొడుగు రకం మొక్కలు తెప్పించి, అవి ఎదిగేదాకా నడుమ అరటి, కంద వేయించింది. పొడుగు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది కనుక పొట్టి రకం వేద్దామని నాన్న అన్నాడు. గాలికి ఏది ఎంత నిలబడిందో నిన్ననే చూశావు కదా అని ఆమె ఊరుకున్నది. డెబ్బయ్యో ఏట వేయించిన ఆ తోట కాయలు ఆమె చాలా ఏళ్ళు దింపించింది.

ఎనభై దాటాక ఒక ఉదయం, ఏ సందర్భమూ లేకుండా, గాదె గది తాళం తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. అమ్మ దాన్ని రెండు రోజులు ముట్టుకోలేదు. అప్పటికి గాదెలో ధాన్యం నిలవ చేయడమే మానేశాము; చేను కౌలుకు ఇచ్చి, డెబ్బై అయిదు కిలోల బస్తాల లెక్కన మక్తా పుచ్చుకుంటున్నాము. మామ్మ ఆ బస్తాలను లోపల కుంచాల్లోకి మార్చుకునేదని ఆమె పెదవుల కదలికను బట్టి తెలిసేది. గోడకు ప్లాస్టిక్ రంగు వేశాక బొగ్గు అంటడం లేదని ఒక్కసారి ఫిర్యాదు చేసింది. 2015 పుష్కరాలకు రాజమండ్రి తీసుకెళ్తామంటే వద్దని, తాను కాపురానికి వచ్చి దిగిన ముక్తేశ్వరం రేవులోనే స్నానం చేసింది. అవతలి ఒడ్డు మసకగా ఉంది. పంటు మీద మోటారు సైకిళ్ళు దాటుతున్నాయి. ఇప్పుడు ఎంత పుచ్చుకుంటున్నారని రేవు వాడిని అడిగి, ఎక్కువే అన్నది.

చివరి సంవత్సరం కన్ను మందగించింది, చెవి మాత్రం చురుకుగానే ఉంది. దింపు రోజున మంచం వసారాలో వేయించుకుని, కాయ నేల మీద పడిన చప్పుళ్ళు వింటూ లెక్క పెట్టుకునేది. దసరా వెళ్ళాక మూడు రోజులు జ్వరం వచ్చి, నాలుగో నాటి తెల్లవారుజామున పోయింది. పాలేరు కొడుకు, చేపలు తెచ్చే ఆమె మనవరాలు, ఎప్పుడో ఊరు విడిచి యానాం వెళ్ళిపోయిన దింపు మనిషి, అందరూ వచ్చారు.

పెద్దకర్మ నాడు ఎంతమంది వస్తారో ఎవరికీ అంచనా తెలియలేదు. వంట మేస్త్రీ మనిషికి ఇన్ని గ్రాములని కాగితం మీద వేసి, రెండు బస్తాల బియ్యం చాలునన్నాడు. నాన్న మూడు కావాలన్నాడు. పెద్దత్త గాదె గదిలోకి వెళ్ళి కుంచం తెచ్చి, వాళ్ళమ్మ ఎప్పుడూ కుంచానికి ఇంతమంది అని వేసే లెక్క చెప్పి, ఇద్దరి మాటా కాదని తానే దగ్గరుండి, లాభం అంటూ మొదలుపెట్టి కొలిపించింది. రాశి పోయించింది, అంచుకు తోయనివ్వలేదు. చివరి బంతి లేచేసరికి గంగాళంలో అన్నం అడుగంటింది. తక్కువ కాలేదు, పారేయవలసినంత మిగలనూ లేదు. పెరుగు మాత్రం రెండు బంతుల ముందే అయిపోయింది. ఆ పూచీ మా అమ్మది కాబట్టి, మామ్మ ఉంటే ఏమనేదో ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి, ఎవరూ పైకి అనలేదు.